మాయాబజారు – రంగస్థలం నుండి బొమ్మల చిత్రం వరకు

పాఠ్యభాగ ఉద్దేశం

నాటకం, చలనచిత్రం, యానిమేషన్ చిత్రం అనే మూడు ప్రక్రియల మధ్యగల సంబంధాన్ని, భేదాన్ని తెలియజేయడం, ఒకే కథ ప్రక్రియ మారినప్పుడు ఏమి పొందుతుందో, ఏమి కోల్పోతుందో వివరించడం, తెలుగువారి ప్రదర్శన కళలపట్ల విద్యార్థులలో ఆసక్తిని, బాధ్యతను కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పరిచయం

కథకు కాళ్ళుంటాయని పెద్దలంటారు. ఒక ఊళ్ళో పుట్టిన కథ మరొక ఊరికి, ఒక నోట పుట్టిన మాట మరొక నోటికి నడిచి వెళుతుంది. అలా నడిచేటప్పుడు అది వేషం మారుస్తుంది. తోలుబొమ్మగా, యక్షగానంగా, పద్యనాటకంగా, చలనచిత్రంగా కొత్త రూపాలు ధరిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో దానికి మరొక వేషం లభించింది. అదే యానిమేషన్ చిత్రం. గీసిన బొమ్మలను కదిలించి, వాటిచేత మాట్లాడించి, పాడించి కథ చెప్పే ప్రక్రియ ఇది.

తెలుగు నాటకరంగంమీద అనేక తరాలను అలరించిన శశిరేఖా పరిణయ కథ 1957లో ‘మాయాబజార్’ అనే మహత్తర చలనచిత్రమైంది. ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేసిన యువకుడే అర్ధశతాబ్దం గడిచాక, 2008లో, ఆ కథలోని ఘటోత్కచుణ్ణి నాయకుడిగా చేసి సంగీతప్రధానమైన యానిమేషన్ చిత్రాన్ని రూపొందించాడు. ఆయనే సింగీతం శ్రీనివాసరావు. ఒక కథ మూడు ప్రక్రియలను దాటిన ఈ ప్రయాణాన్ని పరిశీలిస్తే కళల స్వభావం గురించి అనేక విషయాలు తెలుస్తాయి.

మూలంలో లేని కథ

శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. నన్నయ, తిక్కన, ఎర్రనల ఆంధ్రమహాభారతంలోనూ లేదు. భారతంలో అభిమన్యుని భార్య విరటుని కుమార్తె ఉత్తర. బలరాముని కుమార్తె శశిరేఖ అభిమన్యుణ్ణి వరించిందన్న కథ జానపదుల కల్పన. ఈ కన్యనే తమిళులు వత్సల అంటారు. భారతదేశంలోని అనేక భాషలలో ఈ కథకు రూపాంతరాలు ఉండటాన్నిబట్టి ప్రజలు దీనిని ఎంతగా ప్రేమించారో ఊహించవచ్చు.

కథ స్థూలంగా ఇది. బాల్యంలోనే శశిరేఖను అభిమన్యునికి ఇస్తామని పెద్దలు మాట ఇచ్చుకుంటారు. పాండవులు జూదంలో రాజ్యం కోల్పోయాక ఆ మాట చెల్లని కాసవుతుంది. దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారునికి శశిరేఖనిచ్చి వివాహం చేయడానికి నిశ్చయమవుతుంది. తల్లి సుభద్రతో కలిసి అడవిదారిన వెళుతున్న అభిమన్యుణ్ణి ఘటోత్కచుడు ఎదిరిస్తాడు. తరువాత తన తమ్ముడేనని తెలుసుకుని అక్కున చేర్చుకుంటాడు. నిజమైన శశిరేఖను మంచంతోసహా తన ఆశ్రమానికి తెప్పించి, తానే శశిరేఖ రూపం ధరించి పెళ్ళివారింట ప్రవేశిస్తాడు. మగపెళ్ళివారి విడిదికోసం మాయానగరాన్ని సృష్టిస్తాడు. చివరకు ఇచ్చిన మాట నిలుస్తుంది. ప్రేమించినవారికి పెళ్ళవుతుంది.

భారతంలో ఘటోత్కచుని పాత్ర విషాదాంతం. కురుక్షేత్ర యుద్ధంలో కర్ణుని శక్త్యాయుధానికి అతడు బలి అవుతాడు. అర్జునుని కోసం కర్ణుడు దాచుకున్న ఆయుధం ఘటోత్కచునిమీద ఖర్చవుతుంది. ఇతిహాసం అతణ్ణి యుద్ధానికి ఉపయోగించుకుంది. జానపదుడు మాత్రం అతనికి ఒక పెళ్ళిపందిరిని, ఒక తమ్ముణ్ణి, కడుపునిండా భోజనాన్ని, లోకమంతా నవ్వే అవకాశాన్ని ఇచ్చాడు. రాక్షసి కడుపున పుట్టినవాడు రాజవంశీయులకు మాట విలువ నేర్పడం ఈ కథలోని అసలు సారం. కనుకనే ప్రక్రియలు ఎన్ని మారినా ఈ కథ బలం తగ్గలేదు.

ఓరుగల్లు నేలమీద బొమ్మ, పాట

బొమ్మను, పాటను, కథను ఒకచోట చేర్చడం తెలుగువారికి కొత్త విద్య కాదు. ఓరుగల్లు ప్రాంతం ఇందుకు మంచి సాక్ష్యం. పాలకుర్తికి చెందినవాడని పలువురు పండితులు భావించే పాల్కురికి సోమనాథుడు తన ‘పండితారాధ్య చరిత్ర’లో శివరాత్రినాడు శ్రీశైలంలో జరిగే వినోదాలను వర్ణిస్తూ బొమ్మలాటలను ప్రస్తావించాడు. గణపతిదేవుని సేనాని అయిన జాయప పదమూడవ శతాబ్దంలో ‘నృత్తరత్నావళి’ అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ నగరంలోని వినోదాలను చూస్తారు. ఆ నగరంలో చిత్రశాల కూడా ఉన్నదని ఆ కావ్యంవల్ల తెలుస్తుంది.

తోలుబొమ్మలాటలో తెల్లని తెర, దాని వెనుక దీపం, దీపకాంతిలో రంగులు ప్రకాశించేటట్లు పలుచగా చేసిన తోలుబొమ్మలు ఉంటాయి. బొమ్మను ఆడించేవాడి చేయి, పాడేవాడి గొంతు, తెరమీద కనిపించే రూపం – ఈ మూడూ వేర్వేరు. చూపరుల మనస్సులో మాత్రం మూడూ కలిసి ఒకే పాత్ర అవుతాయి. నేటి యానిమేషన్ చిత్రానికి ఆధారమైన సూత్రం కూడా ఇదే.

చేర్యాల నకాషీ చిత్రకళ మరొక ఉదాహరణ. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు చేర్యాల వరంగల్ జిల్లాలో ఉండేది. నేడది సిద్దిపేట జిల్లాలో ఉన్నది. ఇక్కడి నకాషీలు ఖద్దరు వస్త్రానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతపూసి, ఎర్రని నేపథ్యంమీద కుల పురాణాలను వరుసగా చిత్రిస్తారు. పొడవైన ఆ పటంలో ఒక్కొక్క అడ్డపట్టీ ఒక్కొక్క ఘట్టం. కథకులు ఊరూరా తిరుగుతూ, పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఆయా ఘట్టాలను చూపిస్తూ పాడతారు. యానిమేషన్ చిత్రాన్ని తీసేవారు ముందుగా కథను వరుస బొమ్మలుగా గీసి గోడకు అంటించుకుంటారు. దానిని స్టోరీబోర్డు అంటారు. చేర్యాల పటం చూసిన ఓరుగల్లు రైతుకు ఆ స్టోరీబోర్డు కొత్తగా తోచదు.

సురభి రంగస్థలం

కథలోని మాయను రంగస్థలంమీద ప్రత్యక్షంగా చూపించిన ఘనత సురభి నాటక సమాజానిది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకాన్ని ప్రదర్శించడంతో ఈ సమాజ చరిత్ర ప్రారంభమైంది. ఆ ఊరిపేరే సమాజం పేరైంది. సురభి ఒక కుటుంబ సమాజం. తాత, తండ్రి, కొడుకు, కోడలు, మనుమరాలు అందరూ నటులే. పురుషులే స్త్రీ పాత్రలు ధరించే కాలంలో స్త్రీ పాత్రలను స్త్రీలచేతనే ధరింపజేయడం ఈ సమాజం ప్రత్యేకత. తెలుగులో మొదటి సంపూర్ణ టాకీ చిత్రం ‘భక్తప్రహ్లాద’ 1932లో వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి సురభివారి రంగస్థల నాటకమే ఆధారం. సురభి కమలాబాయి అందులో లీలావతి పాత్ర ధరించింది.

సురభివారి నాటకాలలో ‘మాయాబజార్’ అత్యంత ప్రజాదరణ పొందినది. రంగులు పూసిన తెరలు ఒకదాని వెనుక ఒకటి లేచి క్షణాలలో అడవి అంతఃపురమవుతుంది. కంటికి కనిపించని తీగల సాయంతో పాత్రలు గాలిలో తేలుతాయి. భక్ష్యాలు వాటంతట అవే కదులుతాయి. అస్త్రాలు నిప్పులు చిమ్ముతూ ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. పక్కనే హార్మోనియం, తబలా మోగుతూ ఉంటాయి. తెర వెనుక తీగను పట్టుకున్న మనిషి ఒక్క క్షణం ఏమరినా మాయ భంగమవుతుంది. ఆ ప్రమాదం ఉన్నదని తెలుసు కనుకనే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. రంగస్థల మాయకు గల ఆకర్షణ అదే.

రంగస్థలానికి గల మరొక విశేషం పద్యం. తెలుగు పౌరాణిక నాటకంలో నటుడు పద్యాన్ని అందుకున్నప్పుడు కథ ఆగుతుంది, కాలం ఆగుతుంది. భావానికి తగిన రాగంలో అతడు చివరి పాదాన్ని సాగదీస్తూ ఉంటే సభ కరతాళధ్వనులతో మారుమ్రోగుతుంది. ‘వన్స్‌మోర్’ అని కేకలు వినవస్తే యుద్ధానికి పోతున్న వీరుడైనా వెనుదిరిగి వచ్చి అదే పద్యాన్ని మళ్ళీ పాడవలసిందే. ఆనాటి ప్రదర్శనను నటుడొక్కడే కాక ప్రేక్షకుడు కూడా నిర్ణయించేవాడు.

వెండితెరమీద మాయాబజార్

శశిరేఖా పరిణయ కథ తెలుగులో 1936లోనే పి.వి. దాసు దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చింది. అయితే ఈ కథకు చిరస్థాయిని కల్పించినది 1957 మార్చి 27న విడుదలైన విజయా సంస్థవారి ‘మాయాబజార్’. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు. కె.వి. రెడ్డి దర్శకుడు. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రచించారు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ నిర్వహించారు. ఘంటసాల సంగీత దర్శకులు కాగా, కొన్ని పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచునిగా, సావిత్రి శశిరేఖగా, ఎన్.టి. రామారావు శ్రీకృష్ణునిగా, అక్కినేని నాగేశ్వరరావు అభిమన్యునిగా నటించారు.

కె.వి. రెడ్డి రంగస్థలంనుండి కథను, హాస్యాన్ని, మాయను స్వీకరించారు. ఘటోత్కచుని భోజన ఘట్టంలోని పాట పల్లవికి సురభివారి నాటకమే ఆధారమని సినీ చరిత్రకారులు చెబుతారు. అయితే ఆయన నాటకాన్ని ఉన్నదున్నట్లుగా చిత్రీకరించలేదు. పద్యాల సంఖ్యను తగ్గించి పాటలకు ప్రాధాన్యమిచ్చారు. రంగస్థలంమీద తీగలు చేసిన పనిని చలనచిత్రంలో కెమెరా చేసింది. ఒక్కొక్క చిత్రాన్ని విడివిడిగా తీస్తూ, మధ్యమధ్య వస్తువును కొద్దికొద్దిగా జరిపితే, తెరమీద ఆ వస్తువు దానంతట అదే కదిలినట్లు కనిపిస్తుంది. భోజన ఘట్టంలోని మాయకు ఇటువంటి చిత్రీకరణ తంత్రాలే ఆధారం. ఇది యానిమేషన్‌కు మూలమైన విద్య. అనగా 1957 నాటి మాయాబజార్‌లోనే యానిమేషన్ బీజరూపంలో ఉన్నదని చెప్పవచ్చు.

ఆ చిత్రంలోని అపూర్వమైన మాయ మాత్రం యంత్రాలవల్ల సాధ్యమైనది కాదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత సావిత్రి నటనను గమనించాలి. రూపం సుకుమారి అయిన కన్యది. నడక, చూపు, ఠీవి ఘటోత్కచునివి. ఏ తీగా, ఏ కెమెరా ఆ పని చేయలేదు. ఒక నటి దేహమే రెండు పాత్రలకు ఆశ్రయమైంది. ఈ విషయాన్ని మనస్సులో ఉంచుకుని యానిమేషన్ చిత్రాన్ని పరిశీలించాలి.

బొమ్మకు ప్రాణం పోయడం

యానిమేషన్ అనే పదానికి ప్రాణం పోయడమని అర్థం. మానవ నేత్రం తాను చూసిన బొమ్మను క్షణకాలం నిలుపుకుంటుంది. ఒకదానికొకటి స్వల్పభేదం గల బొమ్మలను వేగంగా ఒకదాని తరువాత మరొకటి చూపిస్తే మనస్సు వాటిని కలిపి చలనంగా గ్రహిస్తుంది. చలనచిత్రంలో సాధారణంగా సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. ఈ లెక్కన గంటన్నర నిడివిగల చిత్రానికి 1,29,600 చిత్రాలు కావాలి. ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు చూపి శ్రమ తగ్గించుకున్నప్పటికీ, చేతితో గీసే పద్ధతిలో వేలకొలది బొమ్మలు తప్పవు.

అందువల్ల ఈ పనిని పలువురు పంచుకుంటారు. ఘటోత్కచుడు గదను పైకెత్తే ఘట్టం ఉన్నదనుకుందాం. గద నేలమీద ఉన్న బొమ్మను, భుజంమీదికి చేరిన బొమ్మను అనుభవజ్ఞుడైన చిత్రకారుడు గీస్తాడు. వీటిని కీలక చిత్రాలంటారు. వాటి మధ్య రావలసిన బొమ్మలను సహాయకులు పూరిస్తారు. కంప్యూటర్ వచ్చిన తరువాత ఈ మధ్య చిత్రాలను పూరించడంలో చాలా శ్రమ తగ్గింది. కాని గద బరువైనదా, తేలికైనదా అని ప్రేక్షకునికి తోపింపజేసేది కీలక చిత్రాల మధ్యగల కాల నిర్ణయమే. ఆ నిర్ణయం నేటికీ కళాకారునిదే.

సంగీతప్రధానమైన యానిమేషన్‌లో పాటను ముందుగా రికార్డు చేస్తారు. తాళంలోని ఒక్కొక్క దెబ్బ ఎన్నవ చిత్రంవద్ద పడుతున్నదో లెక్కించి, ఆ లెక్కకు అనుగుణంగా పాత్ర అడుగులను, పెదవుల కదలికను గీస్తారు. రంగస్థలంమీద హార్మోనియం నటుణ్ణి అనుసరిస్తుంది. యానిమేషన్‌లో బొమ్మ పాటను అనుసరిస్తుంది. ఈ రెండు ప్రక్రియల మధ్యగల ముఖ్యమైన భేదం ఇదే.

ఘటోత్కచ్ – 2008

సింగీతం శ్రీనివాసరావు 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించారు. కె.వి. రెడ్డివద్ద శిష్యరికం చేసి మాయాబజార్‌కు పనిచేశారు. స్వతంత్ర దర్శకుడై సంభాషణలు లేని ‘పుష్పక విమానం’ (1987), కాలయంత్ర కథ అయిన ‘ఆదిత్య 369’ (1991), జానపద చిత్రం ‘భైరవద్వీపం’ (1994) వంటి ప్రయోగాలు చేశారు. అప్పటికే యానిమేషన్‌లోనూ అనుభవం గడించిన ఆయన 2008లో ‘ఘటోత్కచ్’ చిత్రానికి రచన, సంగీతం, దర్శకత్వం నిర్వహించారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయ్యారేళ్ళు. గురువు తీసిన చిత్రంలోని పాత్రను శిష్యుడు యాభైయొక్క ఏళ్ళ తరువాత మళ్ళీ చేతికెత్తుకోవడం అరుదైన సంఘటన.

అంతకుముందే తెలుగులో పూర్తినిడివి యానిమేషన్ చిత్రం ‘కిట్టు’ వచ్చి, 2006వ సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్ర పురస్కారాన్ని అందుకుంది. పిల్లలకు తమ కథలను బొమ్మల రూపంలో చూపాలన్న కోరిక ఆ రోజులలో దేశమంతటా బలంగా ఉన్నదనడానికి ఇవి నిదర్శనాలు.

ఘటోత్కచుని పాత్ర యానిమేషన్‌కు సహజంగా సరిపోతుంది. కోరిన రూపం ధరించగలవాడు, కొండంత పెరగగలవాడు, గాలిలో ఎగరగలవాడు అతడు. సురభివారు తీగలతోను, బార్ట్‌లీ కెమెరాతోను కష్టించి సాధించిన పనులు బొమ్మలకు స్వభావసిద్ధమైనవి. సింగీతం తన చిత్రంలో ఘటోత్కచుని బాల్యానికి ప్రాధాన్యమిచ్చారు. రంగస్థలంమీద గాని, 1957 చిత్రంలో గాని అతడు మీసాలు మెలివేసే ప్రౌఢుడు. బాలప్రేక్షకులకోసం దర్శకుడు అతణ్ణి తిరిగి బాలుణ్ణి చేశారు. ఇది మూలానికి విరుద్ధం కాదు. అమాయకత్వం, ఆకలి, అల్లరి, ఆప్తులకోసం ఎంతటి పనికైనా సిద్ధపడే గుణం – ఇవన్నీ ఘటోత్కచుని పాత్రలో మొదటినుండి ఉన్నవే. ఉన్న గుణాలనే దర్శకుడు ముందుకు తెచ్చారు.

ఒక పోలిక

రంగస్థల సంగీత నాటకం యానిమేషన్ చిత్రంగా మారిన ప్రతిసారీ ఫలితం ఇలాగే ఉండదు. అమెరికాలో 1951లో ప్రదర్శింపబడిన ‘ద కింగ్ అండ్ ఐ’ అనే సంగీత నాటకం సుప్రసిద్ధమైనది. రిచర్డ్ రాడ్జర్స్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టీన్ రచన సమకూర్చారు. సయాం రాజుకు, అతని పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన ఆంగ్ల ఉపాధ్యాయినికి మధ్య జరిగే భావసంఘర్షణ అందులోని వస్తువు. 1956లో అది చలనచిత్రంగా వచ్చి ఆదరణ పొందింది. కాని ఆ కథలో తమ రాజును చిత్రించిన తీరు థాయిలాండ్‌కు సమ్మతం కాలేదు. ఆ చిత్రం అక్కడ నిషేధానికి గురైంది.

1999లో అదే నాటకాన్ని యానిమేషన్ చిత్రంగా తీశారు. పాటలలో కొన్నింటిని తొలగించారు. పిల్లలకు నచ్చుతాయన్న ఉద్దేశంతో కోతిని, చిరుతను చేర్చారు. మూలంలో మంత్రిగా ఉన్న పాత్రను క్షుద్రవిద్యలు తెలిసిన ప్రతినాయకునిగా మార్చారు. మూలంలో చివరకు రాజు మరణిస్తాడు. పాత ఆచారానికి, కొత్త ఆలోచనకు మధ్య నలిగిన మనిషి కథకు ఆ మరణమే ముగింపు. యానిమేషన్ చిత్రంలో రాజు బ్రతుకుతాడు. ఈ చిత్రాన్ని విమర్శకులు మెచ్చలేదు. ప్రేక్షకులూ ఆదరించలేదు.

ఈ రెండు ఉదాహరణలవల్ల ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. మార్పు చేయడం దోషం కాదు. శశిరేఖా పరిణయమే భారతానికి జానపదులు చేసిన మార్పు. అయితే ఆ మార్పు కథలోని బీజంనుండి మొలకెత్తాలి. ఘటోత్కచుని కథలో మాయ ముందే ఉన్నది కనుక బొమ్మలకు ఆ కథలో చోటు దొరికింది. సయాం రాజు కథ మనస్సులో జరిగే సంఘర్షణ. అందులోకి మాయను బయటనుండి తెచ్చి అతికించారు. అతుకు నిలవలేదు.

పొందినది – పోగొట్టుకున్నది

యానిమేషన్‌వల్ల కలిగిన లాభం స్వల్పమైనది కాదు. నాటకం ఆడిన ఊరిలోనే కనిపిస్తుంది. ఆ రాత్రితోనే ముగుస్తుంది. బొమ్మల చిత్రం ఎల్లలు దాటుతుంది. గొంతు మార్చుకుని ఏ భాషలోనైనా మాట్లాడుతుంది. నాటకశాలకు ఎన్నడూ పోని పిల్లవాడు ఘటోత్కచుని పేరును మొదట ఒక బొమ్మవల్ల వినవచ్చు. ఆ పరిచయం విలువైనదే.

అయితే పోగొట్టుకున్నదాని లెక్క కూడా తీయాలి. మొదటిది పద్యం. యానిమేషన్‌లో ప్రతి సెకనుకూ ఖర్చున్నది, శ్రమ ఉన్నది. ఒక పాదాన్ని నిమిషంపాటు సాగదీసే రాగాలాపనకు 1,440 చిత్రాలు కావాలి. ఆ నిమిషంలో పాత్ర చేసే పని గానం తప్ప మరొకటి లేదు. కనుక ఈ ప్రక్రియ తాళబద్ధమైన పాటను ఆదరించినంతగా పద్యాన్ని ఆదరించదు. ఇతర భాషలవారికి లేని తెలుగు రంగస్థల పద్యం ఈ ప్రయాణంలో దారిలోనే ఆగిపోయే ప్రమాదమున్నది.

రెండవది నటుని దేహం. శశిరేఖ రూపంలో ఘటోత్కచుణ్ణి చూపడానికి సావిత్రి పడిన శ్రమ బొమ్మకు లేదు. బొమ్మ దేనిగానైనా మారగలదని ప్రేక్షకునికి ముందే తెలుసు. అసాధ్యమన్నది లేనిచోట ఆశ్చర్యం కూడా పలుచబడుతుంది.

మూడవది కళాకారుని జీవిక. ఇది అన్నింటికంటె ముఖ్యమైనది. ఒకనాడు తెలుగునేల నలుమూలలా పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు నేడు వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలాయి. సురభి కళకు జీవితాన్ని అంకితం చేసిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2022లో కన్నుమూశారు. ఓరుగల్లు ప్రాంతంలో చిందు యక్షగాన కళాకారులు తేలిక కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు ధరించి తరతరాలుగా పురాణగాథలను ఆడుతున్నారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. పురస్కారం కళకు గౌరవాన్నిస్తుంది. కాని ఆ కళ రేపటికి నిలవాలంటే ఆట ఆడించే ఊరు ఉండాలి, చూసేవారుండాలి, నేర్చుకునే పిల్లలుండాలి. కథ కొత్త ప్రక్రియలోకి వెళ్ళినప్పుడు దానిని ఇంతకాలం మోసిన మనుషులు వెనుక మిగిలిపోతున్నారు. కథ బ్రతికిందని సంతోషించేవారు ఈ సత్యాన్ని విస్మరించరాదు.

ముగింపు

పాత ప్రక్రియకు, కొత్త ప్రక్రియకు శత్రుత్వం కల్పించవలసిన అవసరం లేదు. సురభి నాటకం లేకపోతే మాయాబజార్ చలనచిత్రం ఆ రూపంలో ఉండేది కాదు. ఆ చలనచిత్రం లేకపోతే సింగీతం ఘటోత్కచుణ్ణి బొమ్మగా ఊహించి ఉండేవారా అన్నది సందేహమే. ప్రతి కొత్త కళ పాత కళవద్ద అప్పు చేసే పుడుతుంది. ఆ అప్పును తీర్చే మార్గమే ఆలోచించవలసిన విషయం.

నేడు యానిమేషన్‌ను వృత్తిగా ఎంచుకునే తెలుగు యువత సంఖ్య పెరుగుతున్నది. కంప్యూటర్ పరికరాలను ఏ దేశంవారైనా నేర్చుకోగలరు. చిందు కళాకారుని అడుగులోని వేగం, చేర్యాల పటంలోని కంటి గీత, సురభి హార్మోనియం పద్యాన్ని వెన్నంటి నడిచే తీరు – ఇవి ఇక్కడ పుట్టినవారికి అందుబాటులో ఉన్న విద్యలు. వాటిని స్వయంగా చూసి, గురువులవద్ద నేర్చుకుని, నేర్పినవారికి తగిన గుర్తింపును, ప్రతిఫలాన్ని ఇచ్చి తెరకెక్కించినప్పుడు బొమ్మల చిత్రం తెలుగువారిది అవుతుంది. లేకపోతే పేర్లు మాత్రమే మనవి, నడక మరొకరిది అవుతుంది.

ఇచ్చిన మాట నిలవడమే శశిరేఖా పరిణయ కథలోని సారమని పైన చెప్పుకున్నాం. ఆ కథను తరతరాలుగా మోసుకొచ్చిన కళాకారులకు కూడా సమాజం ఒక మాట బాకీపడి ఉన్నది. దానిని నిలబెట్టుకోవడానికి ఘటోత్కచుని మాయలు అక్కరలేదు. ఊరిలో నాటకం ఆడినప్పుడు వెళ్ళి ముందువరుసలో కూర్చోవడంతోనే అది మొదలవుతుంది.

ఆలోచించండి – రాయండి

1. శశిరేఖా పరిణయ కథ భారతకథనుండి ఏ విధంగా భిన్నమైనదో వివరించండి.
2. తోలుబొమ్మలాటకు, చేర్యాల పటానికి, యానిమేషన్‌కు గల పోలికలను తెలియజేయండి.
3. యానిమేషన్ చిత్రంలో రంగస్థల పద్యానికి చోటు తగ్గడానికి కారణాలేమిటి? దానిని నిలుపుకునే మార్గాలను సూచించండి.
4. మీ ప్రాంతంలోని ఒక కళాకారుని ప్రదర్శనను చూసి, అందులో ఏ అంశాన్ని బొమ్మగా గీయవచ్చునో, ఏ అంశాన్ని గీయలేమో ఒక పుటకు మించకుండా రాయండి.